మగవాళ్ల మౌనం... ఫంగస్‌కు వరం!

సాయంత్రం పూట ఏదైనా మందుల షాపు దగ్గర ఓ పావుగంట నిలబడి చూడండి. బీపీ మాత్రలు అడిగేవాళ్లు గట్టిగానే అడుగుతారు. దగ్గుమందు అడిగేవాళ్లూ అంతే. మధ్యలో ఒకాయన వస్తాడు. కౌంటర్ దగ్గర ఆడవాళ్లుంటే కాస్త పక్కకు జరుగుతాడు. సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడతాడు. వాళ్లు వెళ్లిపోయాక ముందుకొచ్చి, గొంతు బాగా తగ్గించి 'దురదకి ఏదైనా క్రీమ్ ఇవ్వు బాబూ' అంటాడు. ఎక్కడ దురద అని షాపతను అడగడు. ఆ గొంతులోనే తెలిసిపోతుంది మరి! ఓ ట్యూబు చేతులు మారుతుంది. అంతే... కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు ఇద్దరూ.

కానీ చాలాసార్లు అసలు కథ అక్కడే మొదలవుతుంది.

సికింద్రాబాద్ పద్మారావునగర్ సంగతే చూడండి. రాష్ట్రంలోనే పెద్దాసుపత్రుల్లో ఒకటైన గాంధీ ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. చుట్టుపక్కల క్లినిక్కులకూ, ల్యాబులకూ కొదవలేదు. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు షుగర్ ఎంతుందో, మోకాలు ఎక్కడ పట్టేస్తోందో, ఏ మాత్రకు గ్యాస్ వస్తోందో అన్నీ చెప్పుకుంటారు. చివరికి మలబద్ధకం గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడేసుకుంటారు. ఈ ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తరు. పురుషాంగం మీద దురద, ఎరుపు, మంట... ఈ మాటలు భార్యకు కూడా చెప్పని మగవాళ్లు ఎందరో. ఆ మౌనంలో దాగిపోయేది ఒక్క దురదే అయితే ఫర్వాలేదు. ఒక్కోసారి ఒంట్లో చాపకింద నీరులా పెరుగుతున్న షుగర్ కూడా దాని వెనకే దాక్కుంటుంది!

అసలేమిటిది?

చంటిపిల్లల నాలుక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత రావడం తల్లులందరికీ తెలిసిందే. దానికి కారణం కాండిడా అనే ఒక రకం ఈస్ట్... అంటే ఫంగస్ జాతికి చెందిన సూక్ష్మజీవి. లాటిన్‌లో తెలుపు అనే అర్థమున్న మాట నుంచే దానికా పేరు వచ్చింది. ఆడవాళ్లలో దురదతో పాటు పెరుగు విరిగినట్టు తెల్లబట్ట కావడానికి ఎక్కువగా కారణమయ్యేదీ ఇదే. మగవాళ్లలో పురుషాంగం కొసన, దాన్ని కప్పి ఉండే ముందరి చర్మం లోపల వచ్చేదీ ఇదే. పసిపాప నోట్లో వస్తే లేని సిగ్గు, అదే ఫంగస్ మరోచోట వస్తే ఎందుకు చెప్పండి?

కాండిడా బయటి నుంచి దండెత్తి వచ్చే శత్రువేమీ కాదు. చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మపు ముడతల్లో అది ఎప్పుడూ కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటుంది. మంచి బ్యాక్టీరియా, ఒంట్లోని రోగనిరోధక శక్తి కలిసి దాన్ని అదుపులో ఉంచుతాయి. వెచ్చదనం, తేమ, తీపి... ఈ మూడూ దొరికాయంటే మాత్రం అది పండగ చేసుకుంటుంది.

దాని లక్షణాలు ఇవి: పురుషాంగం కొసన ఎర్రబడి మెరుస్తున్నట్టు కనిపించడం, దురద, మంట, చిన్నచిన్న ఎర్రటి పొక్కులు, ముందరి చర్మం కింద తెల్లటి పాచిలాంటి పదార్థం, వాసన. మూత్రానికి వెళ్లినప్పుడు చర్మం చురచురలాడటం. షుగర్ ఉన్నవాళ్లలో ముందరి చర్మం అంచున సన్నటి పగుళ్లు పడటం. కొందరిలో ఆ చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాదు. సున్తీ చేయించుకున్నవాళ్లలో తేమ నిలిచే చోటు ఉండదు కాబట్టి ఈ సమస్య తక్కువ.

తీపి ఎక్కడుంటే...

తాటిచెట్టు నుంచి దించిన తీపి నీరా మధ్యాహ్నానికల్లా పొంగి కల్లవుతుంది. గాల్లో, కుండలో ఉన్న ఈస్ట్‌లు ఆ చక్కెరను తినడం వల్లే ఆ పొంగు. కాండిడా వాటికి దూరపు బంధువు. దానికీ తీపంటే ప్రాణం.

మామూలుగా మూత్రంలో చక్కెర ఉండదు. మూత్రపిండాలు వడపోసిన చక్కెరనంతా మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఇక వాటి వల్ల కాదు. మిగిలింది మూత్రంలోకి పొర్లిపోతుంది. మూత్రవిసర్జన తర్వాత ఒకటి రెండు చుక్కలు ముందరి చర్మం కింద నిలిచిపోవడం సహజం. ఆ చుక్కల్లో తీపి ఉంటే? వెచ్చటి చోట, తడిలో, చక్కెర! కాండిడాకు అంతకంటే ఏం కావాలి? పైగా షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఫంగస్‌ను ఎదుర్కోవాల్సిన తెల్లరక్తకణాలు కూడా మందకొడిగా పనిచేస్తాయి.

మూత్రానికి చీమలు పడితే మధుమేహమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. ఇప్పుడు ఫ్లష్ టాయిలెట్లలో చీమల జాడ తెలిసే వీల్లేదు. ఆ పని ఈ దురద చేస్తోందన్నమాట! షుగర్ ఉన్నట్టు అప్పటిదాకా తెలియని మగవాళ్లలో, అది తొలిసారి ఇలా బయటపడటం డాక్టర్లకు పరిచయమైన విషయమే. నడివయసు వ్యక్తిలో ఈ ఇన్ఫెక్షన్ కనిపిస్తే, ముఖ్యంగా మళ్లీమళ్లీ వస్తుంటే, వాళ్లు ముందుగా రక్తపరీక్ష రాసేది అందుకే.

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన భారీ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది. షుగర్ అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు. వీళ్లలో తమ సంగతి తమకే తెలియనివాళ్లు ఎందరో! అలాంటివారికి ఒళ్లు తనంతట తానే చీటీ రాసి పంపిస్తే, ఆ చీటీని ఓ ట్యూబు క్రీముతో తుడిచేసుకుంటున్నారు.

2021 నేర్పిన పాఠం

ఫంగస్, షుగర్, స్టెరాయిడ్. ఈ మూడు మాటలు కలిస్తే ఏమవుతుందో 2021 వేసవిలో తెలుగునాట ఇంటింటికీ తెలిసొచ్చింది. కరోనా రెండో ఉద్ధృతి వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆ బాధితులకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రంగా ప్రకటించారు. కరోనా ఇంకా తగ్గనివాళ్లకు గాంధీలో చికిత్స చేశారు. ఆ జూన్ నెలాఖరుకే దేశంలో కేసులు 40 వేలు దాటాయి. బాధితుల్లో ఎక్కువమంది షుగర్ రోగులే. చాలామంది స్టెరాయిడ్లు వాడినవాళ్లే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. బ్లాక్ ఫంగస్ వేరు, కాండిడా వేరు. మర్మాంగం మీద వచ్చే ఈ ఇన్ఫెక్షన్ బ్లాక్ ఫంగస్‌గా మారదు. ప్రాణం తీసేంత జబ్బూ కాదు. సరైన మందు వాడితే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. కానీ సూత్రం మాత్రం ఒక్కటే... ఒంట్లో చక్కెర ఎక్కువై, పైన స్టెరాయిడ్ పడితే ఫంగస్‌కు పట్టపగ్గాలుండవు. 2021లో భయపడి నేర్చుకున్న పాఠాన్ని చిన్న దురద దగ్గర మర్చిపోతున్నాం.

ట్యూబులో ఏముంది?

షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్రీముల్లో ఒక మందు కాదు, మూడు మందులుంటాయి. ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, మూడోది స్టెరాయిడ్. క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి పేర్లు అట్ట మీద చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. రాసుకున్న మర్నాటికే దురద మాయం. ఎరుపూ తగ్గుతుంది. 'అబ్బ, ఎంత మంచి మందో!' అనిపిస్తుంది. నిజానికి స్టెరాయిడ్ చేసింది వాపునూ, దురదనూ అణచడమే. దాంతో పాటు అక్కడి రక్షణ వ్యవస్థనూ అణిచేస్తుంది. ట్యూబు ఆపిన వారానికి ఫంగస్ రెట్టింపు బలంతో లేస్తుంది. మళ్లీ ట్యూబు... మళ్లీ దురద! నెలల తరబడి ఇలా సాగితే అసలే పల్చగా ఉండే అక్కడి చర్మం ఉల్లిపొరలా తయారవుతుంది. గజ్జల్లో తెల్లటి చారలు పడతాయి. అవి జన్మలో పోవు.

ఇలా దుకాణంలో చెయ్యి చాపి స్టెరాయిడ్ క్రీములు కొనుక్కోవడం మీద చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది. కానీ గొంతు తగ్గించి అడిగేవాడికి చీటీ గురించి ఎదురు ప్రశ్న వేసేదెవరు?

ఇంకో చిక్కు కూడా ఉంది. గజ్జల్లో వచ్చే ప్రతి దురదా కాండిడా కాదు. తొడల మధ్య గుండ్రంగా, అంచులు లేచి, పొట్టు రాలుతూ పాకేది తామర. అదీ ఫంగసే కానీ వేరే రకం. బట్టలు ఉతికేవాళ్ల ద్వారా వస్తుందన్న అపోహతో తెల్లదొరలు దానికి ధోబీ దురద అని పేరు పెట్టారు. పాపం, చాకలికి ఊరకే పడిన నింద అది! తామర సాధారణంగా వృషణాల జోలికి పోదు. కాండిడా అక్కడికీ పాకగలదు. ఇటీవలి కాలంలో మనదేశంలో తామర కూడా మొండికేసింది. మామూలు మందులకు లొంగని ఒక రకానికి శాస్త్రవేత్తలు 2020లో మన దేశం పేరు కలిసొచ్చేలా 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. సోరియాసిస్, అలర్జీ, కొన్ని సుఖవ్యాధులు కూడా అక్కడ ఎర్రటి మచ్చలుగానే కనిపిస్తాయి. చూడకుండా మందివ్వడం అంటే చీకట్లో బాణం వేయడమే.

షుగర్ మాత్రే కారణమైతే?

షుగర్ బాగా అదుపులో ఉన్నవాళ్లకూ ఒక్కోసారి ఈ దురద వస్తుంది. అప్పుడు మాత్రల పెట్టె ఒకసారి చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్... పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉందా? ఈ మందుల పనే అధిక చక్కెరను మూత్రంలోకి పంపేయడం. రక్తం శుభ్రపడుతుంది సరే, మూత్రం తియ్యనవుతుంది! మందు కంపెనీల పరీక్షల్లో ఇవి వాడిన మగవాళ్లలో సుమారు నూటికి ఇద్దరు నుంచి నలుగురికి, ఆడవాళ్లలో అంతకు రెట్టింపుకు పైగానే ఈ ఇన్ఫెక్షన్ వచ్చింది.

2020లో డాపాగ్లిఫ్లోజిన్, 2025లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద పేటెంటు గడువు ముగియడంతో మన కంపెనీలెన్నో వీటిని తక్కువ ధరకే తెచ్చాయి. అందుకే ఇప్పుడివి మధ్యతరగతి ఇళ్లలోకీ వచ్చేశాయి. అలాగని భయపడి మాత్ర మానేయకండి. గుండెకూ, మూత్రపిండాలకూ ఇవి చేసే మేలు పెద్దది. దురద సంగతి రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి చాలు. చాలామందికి ఫంగస్ మందు, కాస్త శుభ్రత... ఈ రెండింటితోనే సర్దుకుంటుంది. మాత్ర కొనసాగించాలా మార్చాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు.

మనవాడి మందు, మరో కారణం

జలుబుకూ జ్వరానికీ సొంతంగా యాంటీబయాటిక్ కోర్సులు మింగడం మరో కారణం. అవి చెడు బ్యాక్టీరియాతో పాటు కాండిడాను కాపలా కాసే మంచి బ్యాక్టీరియానూ చంపేస్తాయి. దీనికో చరిత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లోనే, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనిపెట్టాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్లలో మొదటిది. ఎన్నో ప్రాణాలు నిలిపిన ఇలాంటి మందుల వాడకం పెరిగేకొద్దీ కాండిడా బెడదా పెరిగింది. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ మహిళలు దానికి విరుగుడుగా నిస్టాటిన్‌ను ప్రకటించారు. మందు ఎంత గొప్పదైనా అవసరమున్నప్పుడే వాడాలన్న సంగతి అప్పటి నుంచీ రుజువవుతూనే ఉంది.

భార్యాభర్తల మధ్య...

మగవాళ్లు నోరు విప్పకపోవడానికి అసలు కారణం భయం. 'ఇది సుఖవ్యాధి అనుకుంటారేమో! మా ఆవిడ ఏమనుకుంటుందో!' పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం పూర్తి పేరులోనే సుఖవ్యాధులు, కుష్ఠు అన్న మాటలు కలిసి ఉంటాయి. ఆ బోర్డు కింద కూర్చుంటే ఎవరైనా చూస్తారేమోనని మరో బెరుకు.

వైద్యులు దీన్ని సుఖవ్యాధుల లెక్కలో వేయరు. పెళ్లికానివాళ్లకూ, ఏళ్లుగా కలయికే లేని పెద్దవాళ్లకూ వస్తుంది. మంచానపడి డైపర్లు వాడే తాతయ్యకూ వస్తుంది. కాబట్టి దీని ఆధారంగా ఎవరి నడవడికనూ అనుమానించాల్సిన పనిలేదు. అయితే దంపతుల మధ్య ఒకరి నుంచి ఒకరికి చేరే అవకాశం మాత్రం ఉంది. భార్యకు దురద, తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి. ఆమెకు ఏ ఇబ్బందీ లేకపోతే మందు అక్కర్లేదు. తగ్గేదాకా కలయికకు దూరంగా ఉండటం మంచిది. ఫంగస్ క్రీములు కొన్ని కండోమ్ రబ్బరును బలహీనం చేస్తాయని కూడా గుర్తుంచుకోండి.

చికిత్స తేలికే

చాలామందికి డాక్టరు చూసిన వెంటనే తెలిసిపోతుంది. అనుమానముంటే పత్తిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపుతారు. స్టెరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ లేదా మైకోనజోల్ క్రీము రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు వారాలు రాయమంటారు. తీవ్రంగా ఉంటే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. ఆ మాత్రను మాత్రం సొంతంగా కొని వేసుకోకూడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం కావచ్చు. దురద తగ్గిందని క్రీమును మధ్యలో ఆపేయడమూ పొరపాటే.

దాంతో పాటు రక్తపరీక్ష తప్పనిసరి. పరగడుపున షుగర్ 126 గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, ఆ పైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. సాధారణంగా మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. పద్మారావునగర్ వాసులకు గాంధీ ఎలాగూ దగ్గరే. నగరంలో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లోనూ షుగర్ పరీక్ష చేయించుకోవచ్చు.

ఇంట్లో ఇవి పాటిస్తే...

* రోజూ ఒకసారి ముందరి చర్మాన్ని నెమ్మదిగా వెనక్కి జరిపి గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. రాకపోతే బలవంతం చేయొద్దు.

* ఘాటైన సబ్బు, డెటాల్, వేపనూనె, నిమ్మరసం... ఏవీ అక్కడ వద్దు. మంట పెరుగుతుందే తప్ప ఫంగస్ పోదు.

* కడిగాక మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దుకుని, చర్మాన్ని మళ్లీ ముందుకు లాగేయాలి.

* మూత్రవిసర్జన తర్వాత చివరి చుక్క కూడా తుడుచుకోవాలి. 'గ్లిఫ్లోజిన్' మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

* వదులైన కాటన్ లోదుస్తులు వేసుకోవాలి. వానాకాలంలో సగం ఆరిన బట్టలు వేసుకోవద్దు. తువ్వాలు ఎవరిది వారిదే.

వెంటనే వెళ్లాల్సినవి

ముందరి చర్మం వెనక్కి వెళ్లి తిరిగి ముందుకు రాకపోయినా, మూత్రం ఆగిపోయినా ఆలస్యం చేయకూడదు. జ్వరంతో పాటు వృషణాల నుంచి మలద్వారం మధ్య భాగం వాచి, చర్మం మీద కనిపించేదానికి మించి నొప్పి ఉంటే అది అత్యవసరం. షుగర్ రోగుల్లో అరుదుగా అక్కడి కణజాలం కుళ్లిపోయే ప్రమాదకర ఇన్ఫెక్షన్ వస్తుంది. 'గ్లిఫ్లోజిన్' మందులు వాడేవాళ్లు దీని పట్ల జాగ్రత్తగా ఉండాలని అమెరికా ఔషధ సంస్థ 2018లోనే హెచ్చరించింది. అలాగే వారాల తరబడి మానని పుండు, గడ్డ ఉంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే.

ఇక ఈ కథనం చదువుతున్న ఇల్లాళ్లకు ఒక మాట. ఆయన ఈ మధ్య రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేస్తున్నారా? మంచినీళ్లు ఎక్కువ తాగుతున్నారా? బాత్‌రూమ్ అలమరలో ఏదో ట్యూబు కొత్తగా చేరిందా? దెబ్బలాడకండి. ఈ పేజీని ఆయన కళ్లద్దాల కింద పెట్టండి. 'రేపు పరగడుపునే ల్యాబుకు వెళ్దాం, నేనూ చేయించుకుంటాను' అనండి. మిగతాది ఆయనే చెబుతారు!